గట్టు మీద వెనక దీపం

ఏమర్రా పిల్లలూ, ఆ నవారు మంచం ఇలా లాక్కుని కూర్చోండి. మామ్మ మరమరాలు కలుపుతోంది, అవి వచ్చేలోగా కబురు మొదలెడతాను. ఇవాళ్టి కబురు మన పికప్పు బండి వెనక దీపాలది. బండి రివర్స్ గేరులో పడగానే వెనక తెల్లగా వెలుగుతాయే, ఆ కంపెనీ దీపం చాలక మనం అదనంగా పెట్టుకున్న రెండు దీపాలు, వాటిది. రెండు స్క్రూలు బిగించి రెండు వైర్లు కలిపితే వెలగవా అని మీకు అనిపించవచ్చు. వెలుగుతాయి. మన బండికి మొదట అలాగే వెలిగాయి కూడా. ఎన్నాళ్లు వెలిగాయి, దేన్ని కాల్చి వెలిగాయి అన్నదే నేను చెప్పబోయేది.

మన చెరువులు ఉప్పుటేరు దగ్గర కదా. రొయ్య పట్టుబడి అర్ధరాత్రి దాటాక మొదలెడతాం. ఎండెక్కే లోపు సరుకు ఐసులో పడాలి, లేకపోతే రేటు పడిపోతుంది. బండి గట్టు మీదికి వెళ్లాలి. గట్టు వెడల్పు ఎంత? చక్రాలకి అటు మూరెడు, ఇటు మూరెడు. బండి తిప్పుకునే చోటు లేదు కాబట్టి వెనక్కి నడుపుకుంటూ పోయి, ట్రేలు ఎక్కించుకుని, మూతి ముందుకి పెట్టి బయటికి రావాలి. నిరుడు కాక అంతకు ముందు వానాకాలంలో వెనక ఎడం చక్రం అంచు దాటి జారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ట్రాక్టరు కట్టి లాగేసరికి తెల్లారింది. మీ నాన్న ఆ రోజంతా అన్నం సరిగ్గా తినలేదు. నాకా దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందుంది.

ముందు ఒక ప్రశ్న. దీపం వెలుగుతూనే ఉంది, మరి అంచు ఎందుకు కనబడలేదు?

కంపెనీ ఇచ్చిన రివర్స్ బల్బు విప్పి చూడండి, ఇత్తడి మూతి మీద 12 వోల్టులు, 21 వాట్లు అని ఉంటుంది. ఒక్క బల్బు. దాని వెలుతురు దూరం పోయేకొద్దీ పల్చబడుతుంది. ఎంతగా? గజం దూరంలో పడే వెలుతురు రెండు గజాల దగ్గర నాలుగో వంతు అవుతుంది, మూడు గజాల దగ్గర తొమ్మిదో వంతు. చపాతీ ముద్ద ఒకటే, దాన్ని ఎంత పెద్దగా వత్తితే అంత పల్చనవుతుంది, అలాగన్నమాట. పైగా మీ నాన్న అప్పటిదాకా హెడ్‌లైట్ల వెలుతురులో రోడ్డు చూస్తూ వచ్చాడు. కంట్లో చీకటిని చూసే కణాలు వేరు, వెలుతురుని చూసే కణాలు వేరు. వెలుతురులోంచి వచ్చిన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. వయసు పెరిగే కొద్దీ కంటిపాప చీకట్లో కూడా మునుపటంత తెరుచుకోదు, లోపలి కటకం పసుపు తిరుగుతుంది. అరవై ఏళ్ల మనిషి కంటి లోపలి తెర మీదికి, ఇరవై ఏళ్ల కుర్రాడికి చేరే వెలుతురులో ఇంచుమించు మూడో వంతే చేరుతుంది. మీ నాన్నకి యాభై దాటాయి. పక్కన కూర్చున్న కుర్రాడికి కనబడేది ఆయనకి కనబడదు. అది అజాగ్రత్త కాదు, కంటి కట్టుబడి.

అన్నిటికంటే పెద్ద మోసం నీళ్లది. పొడి మట్టి గరుగ్గా ఉంటుంది. దాని మీద పడిన వెలుతురు అన్ని వైపులకీ చెదురుతుంది, అందులో కొంత మన కంటికి తిరిగొస్తుంది. అందుకే మట్టి కనిపిస్తుంది. నిలకడ నీళ్లు అద్దం. ఏటవాలుగా పడిన వెలుతురుని అద్దం అవతలి వైపుకి తోసేస్తుంది, మన కంటికి ఏమీ రాదు. కాబట్టి చెరువు నల్లగా కనిపిస్తుంది. వాన పడి తడిసిన గట్టు కూడా నల్లగానే కనిపిస్తుంది. నలుపులో నలుపు, గట్టు ఎక్కడ ఆగింది, చెరువు ఎక్కడ మొదలైంది? వానరాత్రి తారు రోడ్డు మీద హెడ్‌లైట్లు పనిచేయనట్టు అనిపించడానికీ ఇదే కారణం.

సరే, చక్రం జారిన వారానికి బండిని ఒక కొట్టుకి తీసుకెళ్లి రెండు హాలోజన్ దీపాలు పెట్టించారు. ఒక్కొక్కటి 55 వాట్లు. ఆ కొట్టులో ఏం చేశారంటే, కంపెనీ రివర్స్ బల్బుకి వచ్చే వైరుని గీకి, ఈ రెండు దీపాల వైర్లనీ దానికే మెలితిప్పి టేపు చుట్టేశారు. అరగంట పని. ఆ రాత్రి గట్టు పట్టపగల్లా ఉందని మీ నాన్న సంబరపడ్డాడు. కొన్నాళ్లకి ఫ్యూజు పోయింది. ఇంకొకటి వేశారు. అదీ పోయింది. ఈసారి ఎవరో ఎర్ర ఫ్యూజు తీసి ఆకుపచ్చది పెట్టారు. ఇంకెప్పుడూ ఫ్యూజు పోలేదు. ఒక రాత్రి గేరుపెట్టె దగ్గర్నుంచి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది.

ఆ ఆదివారం నేనూ, మనవడు పెద్దాడూ, మనవరాలు చిట్టీ బండి కిందికి దూరాం. చిట్టి చేతిలో టార్చి. ఛాసిస్ అంచు దగ్గర ఒక వైరు తొడుగు మొత్తం కరిగి పక్క వైరుకి అంటుకుపోయి, చల్లారిన బెల్లం పాకంలా గట్టిపడి ఉంది. మెలిపెట్టిన జాయింటు మీద టేపు విప్పితే లోపల రాగి నల్లగా, పెళుసుగా ఉంది, వేలితో ఆడిస్తే విరిగింది. పెద్దాడు పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు కదా, "తాతయ్యా, లెక్క వేద్దాం" అన్నాడు. అక్కడే నేల మీద పుల్లతో రాశాం.

రెండు హాలోజన్లు 110 వాట్లు, పాత బల్బు 21. మొత్తం 131. వాట్లని 12 వోల్టులతో భాగిస్తే సుమారు 11 ఆంపియర్లు. కంపెనీ ఆ వైరు వేసింది ఎంతకి? ఒక్క 21 వాట్ల బల్బుకి, అంటే రెండు ఆంపియర్ల లోపు. ఒక మనిషి నడిచే పుంతలోకి ఆరు ఎడ్లబళ్లు పంపినట్టు. ముక్కాలు చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకి 0.024 ఓము నిరోధం చూపిస్తుంది. ఫ్యూజు పెట్టె నుంచి గేరుపెట్టెకి, అక్కణ్ణుంచి బండి తోక దాకా ఎనిమిది మీటర్లు అనుకుంటే 0.19 ఓము. 1827లో జార్జి ఓమ్ అనే జర్మనీ బడిపంతులు చెప్పిన లెక్క మీకు తెలుసు, కరెంటుని నిరోధంతో గుణించండి. రెండు వోల్టుల పైచిలుకు దారిలోనే ఆరిపోతోంది. ఇంజను తిరుగుతున్నప్పుడు మనకున్నది పదమూడున్నర. దీపం దాకా వచ్చేది పదకొండున్నర కంటే తక్కువే. ఫిలమెంటు దీపానికి ఒక గుణం ఉంది. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు పదో వంతు తగ్గి ఊరుకోదు, దాదాపు 30 శాతం పడిపోతుంది. ఈ లెక్కన మనం కొన్న వెలుతురులో నలభై శాతం దాకా గట్టు చేరనే లేదు.

మరి ఆ రెండు వోల్టులు ఏమయ్యాయి? వేడి అయ్యాయి. కరెంటుని కరెంటుతోనే గుణించి, దాన్ని నిరోధంతో గుణిస్తే వేడి లెక్క వస్తుంది. ఇది జేమ్స్ జౌల్ 1840 ప్రాంతంలో తేల్చిన సూత్రం. మన లెక్కకి 23 వాట్లు వచ్చింది. రేడియోలు బాగుచేసే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది, చూశారుగా! ఈ వేడి ఎనిమిది మీటర్ల పొడవునా పరుచుకుంటే వైరు గోరువెచ్చగా ఉండి ఊరుకుంటుంది. చేత్తో మెలిపెట్టిన వదులు జాయింటులో పోగైతే అక్కడే కాలుస్తుంది.

ఇప్పుడు ఫ్యూజు సంగతి. ఇది అందరూ తప్పుగా అనుకునే మాట, గుర్తుపెట్టుకోండి. ఫ్యూజు ఉన్నది దీపాన్ని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. వైరు కాలే లోపు తాను కాలిపోవాలి, దాని ధర్మం అది. బండి ఫ్యూజుల రంగులకి ఒక పద్ధతి ఉంది. గోధుమరంగు ఏడున్నర ఆంపియర్లు, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. మన వైరుకి కంపెనీ పెట్టింది ఎర్రది. 11 ఆంపియర్లకి ఎర్రది వెంటనే పోదు, కొన్నాళ్లు లాక్కొస్తుంది. కానీ చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధం, వెలుగుతున్నప్పటి దానిలో పదో వంతు ప్రాంతంలోనే ఉంటుంది. కాబట్టి వెలిగిన మొదటి క్షణం కరెంటు ఎన్నో రెట్లు దూకుతుంది. ఆ దూకుళ్లకి అలిసి అది పోయింది. పోయి, "ఈ దారి నీ బరువుకి చాలదు" అని చెప్పింది. ఆ మాట విని ఉంటే బాగుండేది. ఆకుపచ్చది పెట్టిన రోజున కాపలావాణ్ణి ఇంటికి పంపినట్టయింది. ఛాసిస్ అంచుకి ఒరుసుకుని వైరు తొడుగు చిరిగింది, రాగి ఇనుముకి తగిలింది. పెద్ద కరెంటు పారింది. 30 ఆంపియర్ల ఫ్యూజు ఇంకా చూస్తూ ఉండగానే సన్నటి వైరు కరిగిపోయింది. డీజిలు గొట్టం అక్కడికి బెత్తెడు దూరంలో ఉంది.

"మరెలా తాతయ్యా? రివర్స్ గేరు పడ్డప్పుడే వెలగాలి కదా, ఆ వైరు ముట్టుకోకుండా బండి రివర్స్‌లో ఉన్నట్టు దీపానికి ఎలా తెలుస్తుంది?" అని చిట్టి అడిగింది. మంచి ప్రశ్న. అసలు శాస్త్రమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

మన కాలవలకి నీళ్లు ధవళేశ్వరం నుంచి వస్తాయి. కింద నీళ్లు చాలకపోతే ఇంజనీరుగారు లాకు దగ్గరి మనిషికి ఫోన్ చేసి తలుపు ఎత్తమంటారు. ఆయన ఎత్తుతాడు, కాలవ నిండుతుంది. నీళ్లు ఫోను తీగలోంచి రావు కదా! ఫోను తీగలో వచ్చింది మాట మాత్రమే. నీళ్లు తమ కాలవలో తాము వచ్చాయి. గేరుపెట్టె దగ్గరి వైరు మాట మోయడానికి వేసింది. ఆ కొట్టువాళ్లు దానిలోంచి నీళ్లు పారించారు.

మాట విని తలుపెత్తే ఆ లాకు మనిషి పేరు రిలే. హారన్ దగ్గర ఉండేదాన్ని మెకానిక్కులు కటౌట్ అంటారు, అదీ ఇదే జాతి. అగ్గిపెట్టె కన్నా చిన్న నల్ల డబ్బా. పాడైపోయిన రిలే ఒకటి నా దగ్గరుంటే స్క్రూడ్రైవరుతో మూత పైకి లేపి వాళ్లిద్దరికీ చూపించాను. లోపల జుట్టు కన్నా కాస్త లావు రాగి తీగ, వేల చుట్లు చుట్టిన కండె. కండె మధ్య ఇనప కమ్మీ. దాని తల మీద సన్నటి ఇనప రేకు, చిన్న స్ప్రింగుతో వెనక్కి లాగి ఉంది. రేకు కొసన ఆవగింజంత వెండి మిశ్రమం బొట్టు, దానికి ఎదురుగా ఇంకో బొట్టు. కండెకి కరెంటు ఇస్తే కమ్మీ అయస్కాంతమవుతుంది, రేకుని లాగుతుంది, బొట్టూ బొట్టూ తాకుతాయి. టిక్. అంతే. కరెంటు తీసేస్తే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. మళ్లీ టిక్. చిట్టి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని యాభైసార్లు టిక్కుటిక్కుమనిపించి ఉంటుంది.

కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్కులో ఓర్‌స్టెడ్ చూశాడు. ఆ చిన్న కదలికలోంచే ఇదంతా పుట్టింది. రిలేని 1835లో అమెరికాలో జోసెఫ్ హెన్రీ చేశాడు. దూరం పోయేకొద్దీ టెలిగ్రాఫు తీగలో కరెంటు నీరసపడిపోయేది. ఆ నీరసపు కరెంటు దారిలో ఒక రిలేని టిక్కుమనిపిస్తే, అక్కడున్న కొత్త బ్యాటరీ సందేశాన్ని మళ్లీ బలంగా ముందుకి పంపేది. గుర్రాల తపాలా రోజుల్లో మజిలీకి ఒక కొత్త గుర్రం ఎక్కేవారే, అదే పద్ధతి. రిలే అన్న మాట కూడా ఆ మజిలీల నుంచి వచ్చిందే. మా చిన్నప్పుడు సైకిలు బెల్లు మోగించుకుంటూ టెలిగ్రాం వస్తే ఇంటిల్లిపాదికీ గుండె ఆగినంత పనయ్యేది. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం శాశ్వతంగా ఆగింది. ఆనాటి ఆ టిక్కు మాత్రం ప్రతి బండిలోనూ మోగుతూనే ఉంది. నాకది తలుచుకుంటే సంతోషంగా ఉంటుంది.

లెక్క చూడండి. రిలే కండె తాగేది సుమారు 0.15 ఆంపియరు. దాని బొట్ల మీదుగా 30 ఆంపియర్లు పారవచ్చు. రెండు వందల రెట్లు. గేరుపెట్టె స్విచ్చుకి ఈ 0.15 ఒక బరువే కాదు.

ఇక పని. మొదట మాట మోసే వైరు ఏదో కనుక్కోవాలి. వైర్ల రంగులు కంపెనీకొక రకం, ఏడాదికొక రకం. రంగు నమ్మి కత్తిరించకండి. చక్రాల కింద ఇటుకలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, పెద్దాడు గేరు మారుస్తుంటే నేను టెస్టింగ్ బల్బుతో చూశాను. రివర్స్ పడితేనే వెలగాలి, మిగతా ఏ గేరులోనూ వెలగకూడదు, తాళం తీసేస్తే చచ్చినట్టు ఆరిపోవాలి. అలాంటి వైరు దొరికింది. కొత్త బళ్లలో దీపాల మీద కంప్యూటరు నిఘా ఉంటుంది, అలాంటి బండికి మాత్రం షోరూము వాళ్లని అడక్కుండా దేన్నీ గీకవద్దు.

తరువాత బ్యాటరీ విప్పడం. నెగటివ్ ముందు విప్పాలి. ఎందుకంటే బండి ఇనప ఒళ్లంతా నెగటివే. పాజిటివ్ ముందు విప్పబోతే పానా జారి బాడీకి తగిలిందనుకోండి, బ్యాటరీ రెండు కొనల్నీ నేరుగా కలిపినట్టే. వందల ఆంపియర్లు ఒక్కసారి దూకుతాయి, పానా ఎర్రగా కాలుతుంది. నెగటివ్ విప్పేశాక పానా బాడీకి తగిలినా భయం లేదు. బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. చేతి ఉంగరం, గడియారం తీసి మామ్మకిచ్చాకే పెద్దాణ్ణి బానెట్ కింద చెయ్యి పెట్టనిచ్చాను. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది, బీడీ వెలిగించే మనిషిని దాని పక్కకి రానివ్వవద్దు.

హాలోజన్లు తీసేసి ఎల్‌ఈడీలు తెచ్చాం, ఒక్కొక్కటి 27 వాట్లు. నీలం వెలుతురిచ్చే చిన్న స్ఫటికం మీద పసుపు ఫాస్ఫరు పూత పూస్తే ఆ రెండూ కలిసి తెలుపవుతాయి. ఆ నీలం ఎల్‌ఈడీ సాధించిన ముగ్గురు శాస్త్రవేత్తలు, అకసాకి, అమానో, నకమురా, 2014లో నోబెల్ అందుకున్నారు. రెండూ కలిపి 54 వాట్లు, నడిచే బండిలో నాలుగు ఆంపియర్లు. హాలోజన్లలో సగం కరెంటు, వెలుతురు వాటికంటే తక్కువేం కాదు. వీటి వీపున అల్యూమినియం రెక్కలుంటాయి, అవి వేడి బయటికి పోవడానికి. ఆ రెక్కల్లో బురద పేరుకుంటే దీపం లోపలే ఉడికిపోతుంది. బండి కడిగినప్పుడు వాటినీ కడగండి.

బ్యాటరీ పాజిటివ్ నుంచి కొత్త వైరు, రెండున్నర చదరపు మిల్లీమీటర్లది. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఎర్ర ఫ్యూజు. అంత దగ్గరెందుకంటే, ఫ్యూజుకీ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరుకి కాపలా ఎవరూ ఉండరు, ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఫ్యూజు నుంచి రిలేకి. రిలే కాళ్ల మీద అంకెలుంటాయి, జర్మనీ వాళ్ల ప్రమాణం అది, ప్రపంచంలో చాలాచోట్ల అదే వాడతారు. 30వ నంబరుకి బ్యాటరీ నుంచి వచ్చేది. 87కి దీపాలకి పోయేది. 86కి గేరుపెట్టె మాట, 85కి ఎర్త్. కండెలో కరెంటు ఆపిన క్షణాన దానిలోని అయస్కాంతం కుప్పకూలుతూ వంద వోల్టులు దాటిన ఒక్క విసురు వెనక్కి కొడుతుంది. గేరు స్విచ్చు మీద, చుట్టుపక్కల ఎలక్ట్రానిక్సు మీద ఆ దెబ్బ పడకుండా లోపలే డయోడు ఉన్న రిలే తీసుకున్నాం. అలాంటి దానికి 86, 85 తారుమారు కాకూడదు. రిలేని బానెట్ కింద ఎత్తున, కాళ్లు నేల వైపు ఉండేలా బిగించాం, పైన పడ్డ నీళ్లు జారిపోవడానికి. వైరుకి ముడతల పైపు తొడిగి, ఛాసిస్ పొడవునా జానెడుకొక టై కట్టి, రేకు రంధ్రంలోంచి పోయే ప్రతి చోటా రబ్బరు బుష్షు పెట్టాం. పాత వైరుని చంపింది ఆ రేకు అంచే.

సగం పని అయింది. సగమే అంటున్నాను, ఎందుకంటే దీపం దాకా వెళ్లిన కరెంటు బ్యాటరీకి తిరిగి రావాలి. పోయేదారి మీద అందరికీ శ్రద్ధ ఉంటుంది, వచ్చేదారిని ఎక్కడో ఒక స్క్రూ కింద దూర్చి వదిలేస్తారు. మా అనుభవంలో ఉప్పునీటి ప్రాంతంలో బండి దీపాలు ఆరిపోయేది ఎక్కువగా ఎర్త్ దగ్గరే.

ఛాసిస్ మీద రంగు ఉంటుంది. రంగు కరెంటుని పోనివ్వదు. తుప్పూ పోనివ్వదు. పెద్దాడు గరుకు కాగితంతో రూపాయి బిళ్లంత మేర రుద్దాడు, ఇనుము వెండిలా మెరిసేదాకా. ఇంతటితో అయిపోయిందా? లేదు. వైరు కొసన ఉండే రాగి లగ్గుని ఇనుముకి బిగించి దాని మీద ఉప్పునీళ్లు చల్లితే ఏమవుతుందో ఆలోచించండి. రెండు వేరు వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీరు. 1800లో వోల్టా చేసిన బ్యాటరీ అచ్చం అదే కదా! మనకి తెలియకుండా మన బోల్టు కింద ఒక బుల్లి బ్యాటరీ పుట్టి, రాత్రింబవళ్లు పనిచేస్తూ ఇనుముని తినేస్తుంది. రాగి వైపు చిలుము పడుతుంది, మామ్మ చింతపండుతో తోమే రాగి చెంబు మీద పచ్చగా పట్టేదే, అది. రొయ్యల ట్రేల నుంచి కారే నీళ్లు సరిగ్గా అక్కడే పడతాయి. అందుకని తగరం పూత ఉన్న లగ్గు తెచ్చాం, నక్షత్రం వాషరు వేసి బిగించాం, అది పళ్లతో ఇనుముని కరుచుకుంటుంది. బిగించాక పైన గ్రీజు మందంగా పూశాం. బిగించాకే పూయాలి, నీళ్లని రానివ్వకుండా ఉండటమే దాని పని.

పని బాగా కుదిరిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది, మీటరు ఉన్నవాళ్లందరూ చేసుకోవచ్చు. దీపం వెలుగుతూ ఉండగా మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది దీపం ఎర్త్ వైరు మీద పెట్టండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. 0.2 వోల్టులు దాటితే తిరుగుదారిలో ఎక్కడో అడ్డు ఉంది. మనకి 0.06 చూపించింది. చిట్టి ఆ అంకెని నా నోటుబుక్కులో తేదీ వేసి రాసింది.

దీపాలు ఎటు చూడాలన్నది ఇంకో పెద్ద విషయం. కొందరు వెనక్కి తిన్నగా, ఆకాశంలోకి కొట్టేలా పెడతారు. వెనక వచ్చే మోటారు సైకిలు వాడి కళ్లు పోతాయి. మనం రెంటినీ నేలకి వంచాం, వెలుతురు బండికి నాలుగైదు గజాల దూరంలో నేలని తాకేలా. ఎడమ దీపాన్ని కాస్త ఎడమకి, కుడిదాన్ని కాస్త కుడికి తిప్పాం, ఒక్కొక్కటి ఒక్కో అంచుని పట్టుకునేలా. నీళ్లు ఎలాగూ కనబడవని చెప్పుకున్నాం కదా, కాబట్టి కనబడే వస్తువు ఒకటి అంచున ఉండాలి. మూడేసి గజాలకి ఒక సరుగుడు కొయ్య పాతి సున్నం కొట్టాం. సున్నం గరుకు తెలుపు, ఏ మూల నుంచి వెలుతురు పడినా కంటికి కొంత వెనక్కి ఇస్తుంది. సరుగుడు కొయ్యలూ, సున్నమూ చేసినంత మేలు దీపాలు చేశాయా అంటే నేను చెప్పలేను, రెండూ కలిసి చేశాయి.

మీ నాన్న ఒకటి అడిగాడు. లోడింగ్ చేసేటప్పుడు గేరుతో పని లేకుండా వెలగడానికి డాష్‌బోర్డులో ఒక స్విచ్చు పెట్టమన్నాడు. కుదరదని కాదు. ఆ స్విచ్చు కరెంటు వెనక్కి పారి కంపెనీ బల్బుని కూడా వెలిగించకుండా మధ్యలో ఒక డయోడు పెట్టాలి. బోరు మోటారుకి ఫుట్ వాల్వు ఉన్నట్టు, ఒక వైపే పోనిస్తుంది. అయినా నేను వద్దన్నాను. ఒక రాత్రి మరిచిపోయి ఆ స్విచ్చు వేసి ఉంచి భీమవరం రోడ్డెక్కితే, వెనక వచ్చేవాడికి ఏమనిపిస్తుంది? ముందుకి పోతున్న బండి వెనక తెల్లదీపం ఉంటే ఆ బండి తన మీదికి వస్తోందని అనుకుంటాడు. రివర్స్‌కి తెలుపు, వెనక్కి ఎరుపు అన్నది దారిలో అందరికీ తెలిసిన భాష, దాన్ని మనం తారుమారు చేయకూడదు. లోడింగ్ కోసం ట్రేల పైన వేరే చిన్న దీపం పెట్టాను, దానికి తనదైన ఫ్యూజూ, స్విచ్చూ. బండి కదిలేముందు ఆపేయాలని మీ నాన్న నాకు మాటిచ్చాడు.

మొదటి పట్టుబడి రాత్రి నేనూ వెళ్లాను. గట్టు మొదట్లో బండి ఆగింది. రివర్స్ గేరు పడింది, బానెట్ కింద టిక్కుమంది, నేను విన్నాను. అంచున గరికపోచలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా లేచి నిలబడ్డాయి. సున్నం కొయ్యలు రెండు వరసలుగా చెరువు చివరిదాకా కనిపించాయి. మీ నాన్న తల బయటపెట్టి చూడకుండా, అద్దాల్లో చూసుకుంటూనే వెనక్కి వెళ్లాడు. అయినా కుర్రాడు దిగి వెనక నిలబడి "పోనీ, పోనీ" అంటూనే ఉన్నాడు. బండికి బాగా దగ్గరలో, టెయిల్‌గేటు కింద, ఏ దీపమూ ఏ అద్దమూ చూపించని చోటు ఒకటుంటుంది. ఇంటి వాకిట్లో బండి వెనక్కి తీసేటప్పుడు పసిపిల్లలు ఉండేది సరిగ్గా అక్కడే. దిగి చూడవలసిందే.

అప్పటినుంచి ఏటా తొలకరికి ముందు ఆ ఎర్త్ బోల్టు విప్పి, రుద్ది, మళ్లీ గ్రీజు పెట్టి, మీటరు అంకె రాస్తున్నాం. కిందటేడాది విప్పేముందు 0.14 ఉంది, శుభ్రం చేశాక 0.07కి దిగింది. ఈ నెలాఖరుకి మళ్లీ ఆ పని ఉంది, గరుకు కాగితం తెచ్చి పెట్టాను. మీ ఇళ్లలో బండి ఉంటే ఈ వానలు పడకముందే దాని ఎర్త్ బోల్టు కూడా ఒకసారి విప్పి చూడండి. ఫ్యూజుల పెట్టె మూత తీసి, అక్కడ ఉండవలసిన రంగు కాకుండా వేరే రంగు ఏదైనా కూర్చుందేమో అది కూడా చూడండి.